ఒక్క పాటలో ఛాంపియనా?

తెల్లవారుజాము. పొగమంచు. ఎక్కడో కోడి కూస్తుంది. కోచి గారు ఈల వూదుతారు. హీరో పరుగు అందుకుంటాడు. డప్పులు మొదలవుతాయి. మొదటి చరణంలో పడతాడు, లేస్తాడు. రెండో చరణంలో పచ్చిగుడ్లు తాగి చెమట తుడుచుకుంటాడు. పాట పూర్తయ్యేసరికి, గట్టిగా అయిదు నిమిషాలు కాలేదు, హీరోగారు ఛాంపియన్! మనం ఈలలు వేస్తాం, ఇంటర్వెల్‌లో సమోసా తింటాం, ఆఖరి రీల్లో ఆయన కప్పు ఎత్తుతుంటే కళ్లు తుడుచుకుంటూ ఇంటికొస్తాం.

తప్పు పడుతున్నాననుకోకండి. 'ఒక్కడు' (2003), 'సై' (2004), 'భీమిలి కబడ్డీ జట్టు' (2010), 'గోల్కొండ హైస్కూల్' (2011), 'గురు' (2017)... ఆట సినిమా అంటే చాలు, టిక్కెట్టు తెంపుకుని కూర్చునే జాతి నాది. కొన్నిటికి రెండేసిసార్లు వెళ్లాను. కానీ ఈమధ్య ఒక తొమ్మిదో తరగతి పిల్ల నన్నో ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకి ఈ సినిమాల్లో వేటిలోనూ నాకు జవాబు దొరకలేదు.

ఆ పిల్ల మా అక్క కూతురు. వూరు తిరువూరు. విజయవాడ నించి జగదల్‌పూర్ పోయే రోడ్డు మీద, మామిడి తోటల మధ్య, ఇంకాస్త ముందుకెళితే తెలంగాణ వచ్చేస్తుంది అనే చోట వుంటుంది. నేను వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి కనక, చేతిలో పని లేనప్పుడల్లా అక్క చేతి పులుసన్నం కోసం అక్కడికి పోతూ వుంటాను. ఈ పిల్లకి వాలీబాల్ పిచ్చి. ఫోన్లో రీల్స్ చూస్తే అవీ వాలీబాల్ రీల్సే!

ఆ సాయంత్రం మాత్రం బూట్లు విప్పి మూలకి విసిరేసి, గడప మీద కూర్చుని అడిగింది.

"మావయ్యా, ప్రాక్టీసులో ఎన్ని బంతులొచ్చినా ఎత్తుతాను కదా! మరి మ్యాచిలో ఒక్కటీ ఎందుకు రాదు? నేనింక మానేస్తాను."

'భయం వల్లే తల్లీ' అనబోయి నాలిక కరుచుకున్నాను. సరిగ్గా ఆ మాటతోనే ఇరవయ్యేళ్ల కిందట నన్ను కోర్టు నించి ఇంటికి పంపారు.

నా ఫ్లాపు కథ

చెప్పేస్తాను, నవ్వకండి. బళ్లో నేను సర్వీసులో మొనగాణ్ణి. మా డ్రిల్లు మాస్టారు అవతలి కోర్టులో ముగ్గుపిండితో ఓ గడి గీసేవారు. రోజూ వంద సర్వీసులు. ఒకే చోట నించుని, ఒకే గడిలోకి, ఒకటి వెనక ఒకటి. మొదటి ఇరవై అటూ ఇటూ పోయేవి. నలభై దాటాక చెయ్యి దారిన పడేది. ఇక చూడండి, గడిలోనే టపటపా! చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు. మాస్టారు భుజం తట్టేవారు.

మ్యాచి రోజు ఏమైంది? మొదటి సర్వీసు నెట్టుకి. తరవాత మళ్లీ నా వంతు వచ్చేసరికి పావుగంట. ఈలోగా పరుగులు, అరుపులు, గాలి. రెండోది కోర్టు బయటికి. మూడోది మళ్లీ నెట్టుకి. "గ్రౌండులో పులివి, మ్యాచిలో పిల్లివి. నీకు గుండె లేదురా" అన్నారు మాస్టారు, అందరి ముందూ. నేను నమ్మాను. ఆ మర్నాటి నించీ కోర్టు వైపు కాకుండా సినిమాహాలు వైపు నడిచాను. ఆ విధంగా దేశం ఒక వాలీబాల్ ఆటగాణ్ణి కోల్పోయిందని చెప్పను. కాని ఇరవయ్యేళ్లు 'నాకు గుండె లేదు' అనే మాట మోసుకు తిరిగాను.

తరవాతెప్పుడో ఓ పత్రిక కోసం ఆటల శిక్షణ మీద రాయాల్సివచ్చి, 'నైపుణ్యం మనిషికి ఎలా అబ్బుతుంది' అనే శాస్త్రం తిరగేశాను. తిరగేస్తుంటే ఓ చోట ఆగిపోయాను. అక్కడ రాసింది నా కథే!

మొదట తేలిక సంగతి. ఫిట్స్, పోస్నర్ అనే ఇద్దరు అమెరికన్లు 1967లో వచ్చిన పుస్తకంలో నైపుణ్యానికి మూడు దశలన్నారు. సైకిల్ నేర్చుకున్నరోజు గుర్తు తెచ్చుకోండి. మొదట ప్రతిదీ ఆలోచించి చెయ్యాలి: హ్యాండిల్, పెడలు, బ్రేకు. రెండో దశలో తప్పులు తగ్గుతాయి. మూడో దశలో ఆలోచనే అక్కర్లేదు, పాట పాడుకుంటూ పోతాం. బాగానే వుంది. అయితే మొదటి దశ నించి మూడోదానికి వెళ్లే దారేది? 'ఒకే పనిని వెయ్యిసార్లు చెయ్యి' అనేది మన తాతల నాటి జవాబు. నా ముగ్గుపిండి గడి జవాబూ అదే.

ఇక్కడే కథలో మలుపు!

1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లలకి చిన్న చిన్న గింజల సంచులిచ్చి గురి మీదికి విసరమన్నారు. ఒక జట్టు పిల్లలు మూడడుగుల దూరంలోని గురికే సాధన చేశారు. రెండో జట్టు రెండడుగులకీ నాలుగడుగులకీ మార్చి మార్చి విసిరారు. మూడడుగుల గురి వాళ్ల సాధనలోనే లేదు. చివర్లో పరీక్ష పెట్టింది మూడడుగులకి. ఎవరు గెలిచారనుకుంటున్నారు? ఆ మూడడుగుల గురి మీద చెయ్యి వెయ్యని రెండో జట్టే!

తరవాత 1986లో గూడ్, మాగిల్ అనేవాళ్లు బ్యాడ్మింటన్ సర్వీసు నేర్పారు. మూడు రకాల సర్వీసులు. ఒక గుంపు ఒక రకాన్ని అయ్యేదాకా కొట్టి రెండోదానికి వెళ్లింది. ఇంకో గుంపుకి మూడూ కలగాపులగం, ఏది ఎప్పుడొస్తుందో తెలీదు. సాధన అయ్యాక పరీక్ష పెడితే, అలవాటు లేని పక్క నించి కూడా కొట్టమంటే, కలగాపులగం గుంపుదే పైచెయ్యి.

ఎందుకిలా? చాలామంది చెప్పే కారణం ఇది. ఒకే సర్వీసు వరసగా కొడుతున్నప్పుడు, నలభయ్యో బంతికి మన బుర్ర పని చెయ్యడం మానేస్తుంది. ముప్ఫై తొమ్మిదో బంతి జవాబు ఇంకా చేతిలోనే వుంటుంది కదా, దాన్నే కాపీ కొడుతుంది. బంతి బంతికీ రకం మారితే, ప్రతిసారీ లెక్క మొదటి నించీ చెయ్యాలి. కష్టం. తప్పులు ఎక్కువ. చూసేవాళ్లకి అందంగానూ వుండదు. కాని మ్యాచిలో అడిగేది ఆ పనినే! మ్యాచిలో ఎవరూ వరసగా నలభై సర్వీసులు ఇవ్వరు. పావుగంటకో సర్వీసు, అదీ అలసిపోయి వున్నప్పుడు.

ఇంకో చమత్కారం వినండి. 2001లో సైమన్, బ్యోర్క్ అనేవాళ్లు నేర్చుకునేవాళ్లనే అడిగారు, 'రేపు పరీక్షలో మీరెలా చేస్తారనుకుంటున్నారు?' అని. ఒకేదాన్ని వరసగా సాధన చేసినవాళ్లు 'బ్రహ్మాండంగా చేస్తాం' అన్నారు. మర్నాడు వాళ్లే వెనకపడ్డారు. అంటే ఆ చప్పట్లూ, భుజం తట్టడాలూ, 'వచ్చేసింది' అనే ధీమా... అదంతా ఆ పూట మాయ అన్నమాట.

నాకు గుండె వుంది సుమండీ! లేనిది సరైన సాధన. ఈ ముక్క తెలిసిన రోజున ఆ మాస్టారి మీద కోపం రాలేదు. ఆయనకి ఆయన మాస్టారు నేర్పిందదే.

బడిపంతులుగారి వింత టోర్నమెంట్లు

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' అని హిందీ చిత్రం వచ్చింది, చూశారా? అమిత్ శర్మ దర్శకుడు, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం. అజయ్ దేవగణ్ ఫుట్‌బాల్ కోచి, ఆయన భార్యగా మన ప్రియమణి. వసూళ్ల సంగతి అలా వుంచండి. ఆ కోచి కల్పన కాదు, మన హైదరాబాదు మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తి బడిపంతులు. అందుకే అందరూ 'రహీం సాబ్' అని గౌరవంగా పిలిచేవారు.

ఆయన చేతిలో పడ్డ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నించి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఇంటికి తెచ్చుకుంది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారం కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2 గోల్స్‌తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఇవన్నీ బాక్సాఫీసు లెక్కలు. నన్ను కట్టిపడేసింది అది కాదు. ఈ బడిపంతులుగారు కుర్రాళ్లకి పెట్టిన టోర్నమెంట్లు!

ఒకటి, వాటం లేని కాలి టోర్నమెంటు. కుడికాలి వాటం వున్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకొకటి, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ, ఒకణ్ణి తప్పించి, ఇంకొకణ్ణి తప్పించి సోకు చెయ్యడానికి వీల్లేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి.

కాసేపు కళ్లు మూసుకుని మీరే ఆ రెండో టోర్నమెంటులో ఆడుతున్నట్టు వూహించుకోండి. బంతి మీ దగ్గరకొస్తోంది. వచ్చాక చూసుకుందాం అంటే కుదరదు, వచ్చిన వెంటనే పంపాలి. ఎవరికి పంపాలో ఎప్పుడు చూడాలి? బంతి రాకముందే! తల పైకెత్తి, మనవాడు ఎక్కడున్నాడు, అవతలివాడు ఎటు కదులుతున్నాడు అని ముందే చూసుకోక తప్పదు. ఇంకో వైపు, బంతి లేని తోటివాళ్లు నిలబడి చోద్యం చూస్తే ఆటే ఆగిపోతుంది కనక, వాళ్లూ ఖాళీలోకి పరిగెత్తాలి. మామూలు కోచి గట్టు మీద నించుని 'తలెత్తు! పాసివ్వు! కదులు!' అని గొంతు పగిలేలా అరుస్తాడు. రహీం మాస్టారు నోరు మెదపక్కర్లేదు. ఒక్క నిబంధన మార్చారు, ఆ నిబంధనే పాఠం చెప్పింది.

ఎడమకాలి టోర్నమెంటూ అంతే. ఆ కాలితో తన్నడానికి వొంటి బరువు ఎటు వాలాలి, ఏ కాలు ఎక్కడ ఆనాలి అనేది ఎవడి వొంటికి వాడే వెతుక్కోవాలి. ఎంతమందికని విడివిడిగా చెబుతాం?

దీనికి శాస్త్రంలో పేరుంది, పరిమితుల పద్ధతి అని. కార్ల్ న్యూవెల్ అనే ఆయన 1986లో సూత్రం కట్టాడు: మన కదలిక మూడింటి మధ్య పుడుతుంది. ఆడేవాడి వొళ్లు ఒకటి, చుట్టూ వున్న పరిస్థితి ఒకటి, ఆట పెట్టే నిబంధన ఒకటి. నిబంధన మార్చండి, కదలిక దానంతటదే మారుతుంది. ఆ సూత్రం అచ్చయ్యేసరికి రహీం మాస్టారు కన్నుమూసి ఇరవై మూడేళ్లు!

మాస్కోలో బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త 1920లలోనే ఇంకో గమ్మత్తు కనిపెట్టాడు. సుత్తి దెబ్బలో చెయ్యి తిరిగిన పనివాళ్ల వొంటికి చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. సుత్తి మొన ప్రతిసారీ సరిగ్గా దిగుతోంది. కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ఏ రెండు దెబ్బలకీ ఒకే దారిలో నడవలేదు. అంటే నేర్పరి ఒకే కదలికని అచ్చు గుద్దడు. ఒకే ఫలితాన్ని వేరువేరు దారుల్లో రాబడతాడు. ఒకే పాటని రోజుకోలా పాడి, సమం దగ్గర సరిగ్గా దిగే గాయకుడు మీకు తెలిసే వుంటాడు.

రహీం మాస్టారి ఆఖరి రీలు 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరవాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచి అయితే గట్టు మీద కూర్చోబెట్టేవాడు. మన మాస్టారు ఆ డిఫెండర్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకి కుట్లున్న జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1. బంగారం మనది. మరుసటి ఏడాది 1963 జూన్ 11న రహీం క్యాన్సర్‌తో పోయారు.

ఇంత సినిమాటిక్ క్లైమాక్సు రాస్తే నిర్మాత 'నమ్మేట్టు రాయవయ్యా' అంటాడు.

తిరువూరు గ్రౌండులో

సరే, మళ్లీ మా పిల్ల దగ్గరకొద్దాం. ఆమె ప్రశ్నకి జవాబు పుస్తకంలో దొరకదు కదా అని మర్నాడు సాయంత్రం వెళ్లి వాళ్ల ప్రాక్టీసు చూశాను.

వాళ్ల మాస్టారు చాలా మంచివాడు. నా మాస్టారిలా తిట్టే రకం కాదు. కానీ మూడు బంతులు, అరవై మంది పిల్లలు! ఏం చేస్తాడు పాపం? పిల్లల్ని వరసలో నిలబెట్టి, తను నెట్టుకి ఇవతల నాలుగడుగుల దూరంలో నించుని, రెండు చేతుల్తో బంతిని మెల్లిగా విసురుతున్నాడు. పిల్ల ఎత్తుతుంది, పక్కకి తప్పుకుంటుంది, తరవాతి పిల్ల. అందరికీ వంతు వస్తుంది. మా పిల్ల ఒక్కటి కూడా వదల్లేదు. చూడముచ్చటగా వుంది.

పది నిమిషాలు చూశాక నాకు తట్టింది. ఈ పిల్ల ప్రాక్టీసులో ఒక్కసారి కూడా సర్వీసుని ఎదుర్కోలేదు!

వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు. మ్యాచిలో బంతి అవతలి గీత వెనక నించి, ఒకమ్మాయి చెయ్యి కొట్టగా, నెట్టు మీదుగా వస్తుంది. ఆ అమ్మాయి బంతిని ఎంత ఎత్తు ఎగరేసింది, భుజం ఎటు తిరిగింది, అరచెయ్యి ఎక్కడ తగిలింది... ఇవన్నీ బంతి కన్నా ముందు వచ్చే ఉత్తరాలు. ఆట తెలిసినవాళ్లు ఆ ఉత్తరాలు చదువుతారు. అబెర్నెతి, రస్సెల్ అనే ఇద్దరు 1987లో బ్యాడ్మింటన్ ఆటగాళ్లకి సినిమా చూపించారు. అవును, సినిమానే! అవతలి ఆటగాడు కొట్టే షాటుని మధ్యలో కత్తిరించి, 'షటిల్ ఎక్కడ పడుతుంది?' అని అడిగారు. కొత్తవాళ్లు రాకెట్ చూసి చెబుతున్నారు. చెయ్యి తిరిగినవాళ్లు రాకెట్ కన్నా ముందు, దాన్ని పట్టుకున్న చేతిని చూసే పసిగడుతున్నారు.

నాలుగడుగుల దూరం నించి రెండు చేతుల్తో విసిరే బంతికి ఉత్తరం ఏముంటుంది? మా పిల్ల చేతులు బాగా నేర్చుకున్నాయి. కళ్లకి పాఠమే మొదలవలేదు. భయం కాదు, పాడూ కాదు!

మాస్టారితో మాట్లాడాను. "నాకూ తెలుసండీ, కాని ఇంతమందిని ఎలా ఆడించను?" అన్నాడు. నిజమే. ఇంటి దగ్గర మేం ఏదైనా చేసుకుంటే అభ్యంతరం లేదన్నాడు.

అక్కావాళ్ల ఇంటి వెనక ఖాళీ స్థలంలో తాడు కట్టాం. పక్కింటి కుర్రాడు ఒకడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సర్వీసు బాగా కొడతాడు. పిల్ల స్నేహితురాలు ఒకమ్మాయి. నేను. నాలుగే నిబంధనలు పెట్టాను. సర్వీసు చేసేవాడు ప్రతిసారీ చోటు మార్చాలి. పొట్టిది, పొడుగుది, పక్కది, వరస వుండకూడదు. బంతి తాడు దాటేలోపు మా పిల్ల 'ముందు' అనో 'వెనక' అనో గట్టిగా అరవాలి. ఎత్తిన బంతి, లిఫ్టరు వుండే చోట వేసిన ప్లాస్టిక్ కుర్చీ దగ్గర పడితేనే పాయింటు. నాలుగోది నాకు: అయిదు బంతులయ్యేదాకా నేను నోరెత్తకూడదు.

ఈ నాలుగోదే అన్నిటికన్నా కష్టం! బంతి బంతికీ 'మోకాళ్లు వంచు, చేతులు కలుపు' అనాలని నాలిక దురద. కాని పాత నాటకాల్లో తెర వెనక ప్రాంప్టింగ్ చెప్పేవాడు గుర్తున్నాడా? వాడు వున్నంతసేపూ నటుడు రెచ్చిపోతాడు. వాడు బీడీకని బయటికెళ్లాడా, స్టేజీ మీద కృష్ణుడు నీళ్లు నమలాల్సిందే. ప్రతి ప్రయత్నానికీ తప్పు చెప్పి దిద్దితే అప్పటికి బాగుంటుంది, ఆ దిద్దేవాడు లేని రోజున కూలబడతారు అని పరిశోధనలూ చెప్పాయి. మ్యాచిలో నేను కోర్టులో వుండను కదా.

అరవడం ఎందుకంటారా? ఒకటి, అరవాలంటే ముందే చూడాలి. రహీం మాస్టారి కిటుకే. రెండోది, మా పిల్ల నోట్లో వేలు పెడితే కొరకని రకం. పి.వి. సింధు సంగతి మీరు చదివే వుంటారు. కోర్టులో మరీ నెమ్మదిగా వుంటోందని పుల్లెల గోపీచంద్ ఆమెని అకాడమీలో అందరి ముందూ నించుని గట్టిగా అరవమన్నారు. ఆ పిల్ల సిగ్గుతో ఏడ్చింది. చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచేప్పుడు ఆ కేకలు దేశమంతా విన్నాం. మ్యాచిలో కావాల్సింది ఏదైనా, కేక అయినా సరే, ప్రాక్టీసులో వుండాలి.

మొదటి వారం ఘోరం. పది బంతుల్లో ఏడు మామిడిచెట్టు కిందికి. 'ముందు' అని అరిస్తే వెనక పడేది. నాలుగోరోజు పిల్ల బంతిని కాలితో తన్ని లోపలికెళ్లి తలుపేసుకుంది. మా అక్క చేట పట్టుకుని బయటికొచ్చింది.

"వున్న ఆట కూడా పోగొట్టేట్టున్నావు కదరా! బళ్లో బాగానే ఎత్తుతోందిగా?"

ఏం చెప్పను? 2001 నాటి పరిశోధన చెప్పనా! నాకే అనుమానం మొదలైంది. నిజం చెప్పాలంటే ఈ కలగాపులగం పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. అసలు బంతి ఎలా ఎత్తాలో తెలియని పసివాళ్లకి మొదట కొన్నాళ్లు ఒకేదాన్ని మెల్లిగా నేర్పాలి. ప్రయోగశాలలో కనిపించినంత లాభం గ్రౌండులో ప్రతిసారీ కనపడలేదని కూడా తరవాతి పరిశోధనలు చెప్పాయి. అందుకని కాస్త తగ్గాను. పొట్టి, పొడుగు రెండే రకాలు, వరస మాత్రం లేకుండా. పది రోజులకి మూడో రకం కలిపాం.

ఈ మధ్యలో ఓ సాయంత్రం కుర్రాడు రాలేదు. "నువ్వు కొట్టు మావయ్యా" అంది పిల్ల. ఇరవయ్యేళ్ల తరవాత బంతి చేతిలోకి తీసుకున్నాను. మొదటిది తాడు కింద నించి పోయింది. ఆమె నవ్వలేదు, ఎదురు చూసింది. రెండోది ఇంకో చోట నించి కొట్టాను. దాటింది! ముగ్గుపిండి గడి లేదు, చప్పట్లు లేవు. అక్క వంటింటి కిటికీలోంచి చూస్తోందని తరవాత తెలిసింది.

నెల తిరిగాక పక్క మండలంలో మ్యాచి. నేను కాగితం పెన్సిలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. మా పిల్ల మీదికి పదకొండు సర్వీసులొచ్చాయి. మొదటి రెండూ పోయాయి. నా గుండె జారింది. మూడోదానికి, అవతలి అమ్మాయి చెయ్యి పైకి లేచిందో లేదో, ఈ పిల్ల "ముందు!" అని అరిచి రెండడుగులు వేసింది. బంతి వచ్చేసరికి అక్కడే వుంది. లిఫ్టరు చేతుల్లోకి పువ్వులా వెళ్లింది. మొత్తం పదకొండులో ఆరు. అంతకు ముందు మ్యాచిలో, ఆమె లెక్క ప్రకారమే, సున్నా.

జట్టు ఓడిపోయింది, రెండు సెట్లూ. మా పిల్లని పై ఆటలకి ఎంపిక చెయ్యలేదు. సినిమా అయితే ఇక్కడ రీళ్లు మార్చేవాళ్లం. ఒక్క పిల్ల, ఒక్క నెల. రోజూ గంట ఎక్కువ ఆడింది కనకే బాగుపడిందంటే నేను కాదనలేను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఏడుస్తోందేమోనని నేనూ కదపలేదు. వూరి పొలిమేర వచ్చాక నా వైపు తిరిగింది.

"మావయ్యా, వాళ్ల జట్టులో ఆ పొడుగు జడ అమ్మాయి ఎడమచేత్తో సర్వీసు చేసింది, చూశావా? ఆ బంతి ఎటొస్తుందో నాకు అస్సలు అర్థం కాలేదు. పోయినవాటిలో నాలుగు అవే. రేపటి నించి అన్నయ్యని ఎడమచేత్తో కొట్టమను."

మర్నాడు సాయంత్రం చెప్పాను. పక్కింటి కుర్రాడు తల గోక్కుని, ఎడమచేత్తో బంతి ఎగరేసి కొట్టాడు. అది తాడు దాటలేదు సరికదా, వెనక్కెళ్లి మా అక్క ఆరేసిన వడియాల మీద పడింది.